గఫూర్ సాబ్ అంగడి నల్లబల్ల

ఆదోని, 1983

చిరంజీవి నబీకి ఆశీస్సులు.

కుళాయికి నీళ్లు రావడం లేదని హులిగమ్మ మీ టీ అంగడి నల్లబల్ల మీద రాయించిన మాటను, నువ్వు ఎవరినీ అడగకుండా తుడిచేశావని విన్నాను. మనసుకు కష్టమైంది.

నేను ఎమ్మిగనూరులో ఉన్నన్నాళ్లూ మగ్గం దిగి నేరుగా అంగడి బయట ఎవరి మాటైనా రాసుకునే ఆ బల్ల దగ్గరికే వచ్చేవాణ్ణి. మీ నాయన గఫూర్ సాబ్ ఏది తుడవాలన్నా ముందు గట్టిగా చదివి, "ఏమప్పా, తుడిసేయాల్నా?" అని అందరినీ అడిగేవాడు. ఒకసారి ఎవరో "సాబ్ టీలో నీళ్లెక్కువ" అని రాశారు. అదీ చదివి అడిగాడు.

"ఉండనీ సాబ్, ఉన్న మాటే కదా!" అని నవ్వాం. ఆయన దాన్ని ముట్టుకోలేదు. వాన వచ్చి తుడిచేనాటికి టీ చిక్కబడింది.

హులిగమ్మ మాట మళ్లీ రాయి నాయనా. కుళాయికి నీళ్లు వచ్చిన రోజు, ఆ నీళ్లతోనే దాన్ని తుడవమని ఆమెకు చెప్పు.

ఇట్లు,
మీ అంగడి మూల బెంచీ మామ