రాతినార మాత్రం వద్దు

3 సెప్టెంబర్ 1957, ఎర్రగుంట్ల
రాతినార గని కాంట్రాక్టర్ సుంకప్ప కడప నుంచి మనిషిని పంపాడు. మాంసానికి పొగ పట్టే పెట్టె కావాలట. ఏదో దొర బంగళాలో పొగమాంసం తిన్నాడట. రేకు పని నాకు బాగా వచ్చని ఎవరో చెప్పారట. మా అన్న ఏసేపు ఆయన గనిలోనే తొమ్మిదేళ్ళు రాయి కొట్టాడు. పోయిన ఏడు దగ్గి దగ్గి చచ్చిపోయాడు. సుంకప్పకు గుర్తు లేదు. నాకుంది.
ఆర్డర్ ఒప్పుకున్నాను.

7 సెప్టెంబర్
రెండు రేకు పెట్టెలు, ఒకదానిలో ఇంకొకటి. మధ్య మూడు వేళ్ళ సందు. వేడి బయటికి పోకుండా అందులో ఏదైనా కూరాలి. రంపపు పొట్టు కూరి చూశాను. గంటకే రాజుకుంది. ఇసుక పోస్తే నలుగురు ఎత్తినా లేవలేదు. రాతినార దూదిలా తేలిక, మంటకు కాలదు, ఆయన గనిలో కావలసినంత ఉంది. వాడమంటారా అని సుంకప్పకు కార్డు రాశాను.

12 సెప్టెంబర్
జవాబు కార్డు వచ్చింది. ఆయన సొంత చేతిరాత.
“రాతినార మాత్రం వద్దు. ఆ దుమ్ము రొమ్ములో చేరితే మనిషి మిగలడని మూడేండ్ల కిందనే డాక్టరు చెప్పినాడు. ఇంట్లో పిల్లోళ్ళు ఉండారు. వేరేది చూడప్పా.”
మూడేండ్ల కింద ఏసేపు ఇంకా గట్టిగానే ఉన్నాడు, ఒక్కడే రాతినార మూట భుజానికెత్తేవాడు.
అన్నం తినలేదు.

13 సెప్టెంబర్
రాతినారే కూరతాను. రేకు మూసేస్తే ఎవరికి కనిపిస్తుంది? లోపలి రేకుకు సన్న బెజ్జాలు పెడతాను. వాడు దుమ్ము తినాలి. ఏళ్ళు పట్టినా సరే. ఏసేపుకూ ఏళ్ళే పట్టింది.

15 సెప్టెంబర్, సాయంత్రం
నేను అడిగితే వదిన విశ్వాసమ్మ గని నుంచి రాతినార మూట తెచ్చింది. అన్న పోయాక ఆమె ఆ పనికే పోతోంది. ఎందుకబ్బీ ఇది అని అడిగింది. చెప్పేశాను. కార్డు చదివి వినిపించాను. మళ్ళీ సదువు అంది. మూడుసార్లు చదివించుకుంది. దగ్గు వచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది.
ఆ పెట్టె తలుపు తీసేది సుంకప్పనా, వంటామెనా? ఆ పిల్లోళ్ళు మనకేం జేసినారు? అంది.
నీకు పగ లేదా వదినా అన్నాను.
నీకంటే శానా ఉండాది, ఆ కార్డు ఈడియ్యి అంది.
ఇచ్చాను. దుమ్ము లేవకుండా మూటను తడిపి గుంత తీసి పూడ్చాను.

16 సెప్టెంబర్
ఒకసారి కాలిన పొట్టు బూడిద మళ్ళీ రాజుకోదు, దాన్నే జల్లించి సందులో గట్టిగా కూరాను. నాలుగు గంటలు మంట పెట్టినా పై రేకు మీద అరచెయ్యి నిలిచింది. పళ్ళు కొరుకుతూనే చేశాను. పని మాత్రం మంచిగా కుదిరింది.

18 సెప్టెంబర్
వదిన నిన్న గని దగ్గర చర్చి ఉపదేశి శాంతయ్యతో కార్డు గట్టిగా చదివించిందట. ముప్పై మంది కూలీలూ ఒక్కొక్కరే తట్టలు కింద పెట్టారట. ఈ రోజు ఎవరూ గనిలోకి దిగలేదు.

21 సెప్టెంబర్
సుంకప్ప కారులో వచ్చాడు. పెట్టె వైపు చూడలేదు. నా కార్డు నాకియ్యప్పా అన్నాడు. నా దగ్గర లేదన్నాను. యాడుండాది అన్నాడు.
ముప్పై మందికి నోటికి వచ్చు అన్నాను.