బాపు ఎడ్లు

ఇబ్రహీంపట్నం. ఖుర్దాద్ నెల, గురువారం.

ఈ సాయంత్రం అన్న కందుకూరు నుంచి బండి తోలుకొస్తూ పోలీసు నాకా దగ్గర పట్టుబడ్డాడు. దారిలో కల్లు ఎక్కువైంది. ఎడ్లు సరిగానే నడుస్తున్నాయట, అన్నే పగ్గాలు వదిలేసి నిద్రపోయాడట. ఠాణాకు తోలుకుపోదామని జవాను అన్నను వెనక్కి జరిపి తనే పగ్గాలు పట్టుకున్నాడు.

ఠాణా మలుపు దగ్గర ఎడ్లు తిరగలేదు. నేరుగా వచ్చి మా వాకిట్లో ఆగాయి.

అవి బాపు ఎడ్లు. అంగడి నాడు బాపు తాగి బండిలో పడుకుంటే అవే ఇంటికి తెచ్చేవి. నేను అరుగు మీద కూర్చుని ఆ గజ్జెల చప్పుడు కోసం చెవులప్పగించేవాణ్ని.

ఇవాళ చప్పుడు విని అమ్మ, బాపు ఉన్నప్పటిలాగే, కాళ్లకు నీళ్ల చెంబుతో బయటికి వచ్చింది. ఎదురుగా జవాను.

"ఎంత గుంజినా నా మాట ఇనకపాయె అమ్మా, నీ ఎడ్లు," అన్నాడు చిన్నబోయి.

అమ్మ చెంబు అతనికే ఇచ్చింది. కాళ్లు కడుక్కుని, "పొద్దుగాల నీ కొడుకును ఠాణాకు పంపియ్యి. అమీన్ సాబు అడుగుతడు," అని నడిచి వెళ్లిపోయాడు.

రేపు ఏమంటారో. బండి జప్తు చేస్తే ఎడ్లను కూడా తోలుకుపోతారేమో...

అన్న గురక పెడుతున్నాడు. అమ్మ ఎడ్లకు గడ్డి వేస్తూ వాటితో, బాపు పోయాక ఈ మూడేళ్లలో నేను మళ్లీ వినని మాట అంది.

"తీస్కొచ్చిన్రా, కొడుకులారా, ఇంటికి."