వాసన లేని నీళ్లు

ప్రియమైన తమ్ముడికి,

అక్క దీవెనలు. నువ్వు కొండ మీది నీళ్ల ప్లాంటులో చేరి ఏడాది నిండింది. అక్కడ ఫోను పలకదు కాబట్టి మన మాటలన్నీ సోమవారం జీపు మీదే నడుస్తున్నాయి. నీ ఉత్తరం ఎప్పుడూ నాలుగు ముక్కలే. నాదీ అంతేలే.

ఇక్కడ అందరం బాగున్నాం. సాయంత్రం ప్రార్థనకి కూర్చునేటప్పుడు కిటికీలో గ్లాసుడు కుళాయి నీళ్లు పెట్టుకుంటానా, లేచాక అవే తాగుతాను. ఈమధ్య అవి ఆసుపత్రి వాసన కొడుతున్నాయి. "మీ తమ్ముడు మనకి నీళ్లు పంపుతున్నాడా, మందు పంపుతున్నాడా?" అని ఎదురింటి దర్జీ తల్లి వీధంతా వినేలా అడిగింది. నిన్న గ్లాసు సగంలో వదిలేశాను.

వేళకి తిను.

నీ పెద్దక్క

*

ప్రియమైన పెద్దక్కయ్యకి,

నమస్కారాలు. అమ్మ పోయాక నేను తిన్నానో లేదో చూసింది నువ్వే. నువ్వు గ్లాసు సగంలో వదిలేశావని చదివాక నాకు ముద్ద దిగలేదు. నీళ్లలో క్లోరిన్ పడేచోట ఒక స్క్రూ ఉంటుంది. తిప్పేది నేనే. అర చుట్టు తగ్గించాను.

తెల్లవారుతూనే ఇక్కడ వాల్వు తెరుస్తాను. నీళ్లు కొండ దిగి, రైలు పట్టాల కిందుగా, బడి వెనకగా, ఊరంతా తిరిగి సాయంత్రానికి మీ వీధికి వస్తాయి. గొట్టం అక్కడితో ఆఖరు. మీదే చివరి కుళాయి. పొద్దున నా ముఖం కనిపించిన నీళ్లనే సాయంత్రం నువ్వు తాగుతావు. అది తలుచుకుంటూ గట్టు మీద కూర్చుంటే ఉద్యోగం చేస్తున్నట్టే ఉండదు.

నీ చిన్నోడు

*

ప్రియమైన తమ్ముడికి,

వాసన పోయింది. వాన నీళ్లలా ఉన్నాయి. దర్జీ తల్లి నిన్ను దీవించింది. ఆవిడ నోట దీవెన వినడం నాకిదే మొదలు.

నాకే ఏమీ తోచడం లేదు. సాయంత్రాలు ఇల్లు బోసిగా ఉంటోంది, ఎందుకో.

దర్జీ కూతురు బుజ్జి రెండు రోజులుగా బడికి వెళ్లడం లేదు. కడుపులో బాగాలేదట. మూలింటి పెద్దాయనకీ అంతేనట. ఎండలు కదా అంటున్నారు.

నీ పెద్దక్క

*

అక్కా,

సోమవారం దాకా ఆగలేక పాల వ్యాను అతని చేతికి ఇస్తున్నాను. కాచకుండా ఎవరూ నీళ్లు తాగొద్దు. వీధంతా చెప్పు.

దీంతోపాటు చిన్న సీసా పంపుతున్నాను. గాజు గ్లాసులో కుళాయి నీళ్లు పట్టి ఐదు చుక్కలు వెయ్యి. లేత పసుపు రంగు తిరిగితే క్లోరిన్ మీ దాకా వస్తున్నట్టు. తిరగకపోతే దారిలోనే అరిగిపోతున్నట్టు. స్క్రూ ఇప్పుడే మునుపటి చోటికి తిప్పాను. ఆ నీళ్లు వచ్చేసరికి సాయంత్రమవుతుంది, ఉత్తరం ముందే చేరుతుంది. అందగానే చూడు.

తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఇదీ పాల వ్యానులోనే పంపుతున్నాను. చుక్కలు వేశాను. రంగు తిరగలేదు. గ్లాసు వెనక కిటికీ, కిటికీ వెనక వీధి, అన్నీ అందులోంచి తేటగా కనిపించాయి. అంత తేట నీళ్లని చూసి భయపడటం నాకిదే మొదలు.

ఇంటింటికీ వెళ్లి చెప్పాను. మూలింటి ముందు గొట్టం చెమ్మగా ఉంది. పక్కనే మురుగు కాలవ.

బుజ్జిని ఆసుపత్రిలో చేర్చారు. దర్జీ మిషను మూడు రోజులుగా ముసుగులోనే ఉంది. ప్రార్థనకి కూర్చుంటే ఆ పిల్ల ముఖం తప్ప ఇంకేమీ రావడం లేదు.

ఒకటి అడుగుతాను. స్క్రూ తగ్గించిన సంగతి రిజిస్టరులో రాశావా?

నీ పెద్దక్క

*

అక్కా,

రాయలేదు. ఆ రోజులన్నిటికీ పాత అంకెలే వేశాను.

మీ వీధిలో జబ్బుల సంగతి తెలిసి సోమవారం ఇంజనీరు గారు రిజిస్టరు చూడటానికి వస్తున్నారు. అంకెలు సరిగ్గా కనిపిస్తే తప్పంతా ఆ ఒక్క గొట్టానిదే అవుతుంది. నా ఉద్యోగం నిలబడుతుంది. కానీ అప్పుడు ఊళ్లో మిగతా వీధుల వైపు ఎవరూ చూడరు. ఎక్కడ ఏ గొట్టం కారుతోందో, ఏ ఇంట్లో ఎవరు తాగుతున్నారో.

ఏం చెయ్యమంటావు?

నీ చిన్నోడు

*

తమ్ముడికి,

ఉన్నది ఉన్నట్టు రాయి. ఎందుకు తగ్గించావని అడిగితే వాసన గురించి నేను రాసిన ఉత్తరం చూపించు.

అక్క

*

ప్రియమైన నా చిన్నోడికి,

బుజ్జి నిన్న ఇంటికొచ్చింది. చిక్కి సగమైంది, నోరు మాత్రం నాయనమ్మకి తీసిపోదు. వెనక వీధుల్లో మరో రెండు చోట్ల గొట్టాలు కారుతున్నాయని తేలి, మార్చారు. ఇక కాచనక్కర్లేదని నిన్న మైకులో చెప్పి వెళ్లారు.

స్క్రూ నీ చేతిలోంచి తీసేసి నిన్ను గొట్టాల వెంట నడిపిస్తున్నారు. శిక్షే. పడాలి. ప్రతి బుధవారం చివరి కుళాయి దగ్గర నీళ్లు పరీక్షించే పనీ నీదేనట. దానికి నేను సంతోషించకూడదు.

మొన్న ఇంజనీరు గారు మన గుమ్మంలో నా ఉత్తరం పైకి చదివి, "అంత వాసనా అమ్మా?" అని అడిగారు. నువ్వు ఆయన వెనక తల దించుకుని నిలబడ్డావు. అప్పుడు నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ వాసన నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఆ రోజు ఎవరో తలుపు కొడితే గ్లాసు సగంలో వదిలి లేచాను, అంతే. రాయడానికి ఏమీ లేక, దర్జీ తల్లి వేళాకోళం బాగుందని రాశాను. మాటలు పొదుపుగా వాడే మనిషినని నలుగురూ అంటారు. ఒక్క మాట ఊరికే పారబోశాను. నువ్వు దాన్ని దోసిలి పట్టావు. దానికి బుజ్జి ఆసుపత్రిలో పడుకుంది. నీ శిక్ష నీకు కనిపిస్తోంది, నాది నేను రోజూ ప్రార్థనలో కూర్చుని చూస్తున్నాను.

నిజం ఇది. కుళాయి తిప్పగానే ఆ వాసన వస్తే, తమ్ముడు పొద్దున్నే లేచాడు, వాల్వు తెరిచాడు, బాగానే ఉన్నాడు అనుకునేదాన్ని. నీ ఉత్తరం వారానికొకసారి వచ్చేది. అది రోజూ వచ్చేది. ఆగిపోయాక ఇల్లు ఎందుకు బోసిపోయిందో నాకే తెలియలేదు.

కాచడం మానేశాక ఇవాళ సాయంత్రం మళ్లీ వాసన వచ్చింది. తిప్పింది నువ్వు కాదని తెలుసు. అయినా గ్లాసు కిటికీలో పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాను. ఎదురు గుమ్మంలోంచి దర్జీ తల్లి, "మళ్లీ మందు కొడుతున్నాయమ్మా" అంది. "తాగండి పిన్నిగారూ, వాసన ఉన్నంతకాలం తాగండి" అన్నాను. తర్వాత నా గ్లాసు ఖాళీ చేశాను.

బుధవారం నీకూ ఒక గ్లాసు పట్టి ఉంచుతాను.

నీ పెద్దక్క