అమ్మ వాదన అప్పజెప్పాను

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. ఆధారం లేని మాట మీరు ఒప్పుకోరు కనుక చెబుతున్నాను: ఈ ఉదయం నేనే పట్టీ కట్టి చూశాను, అమ్మ బీపీ మామూలుగా ఉంది. ఓడలో ఇంజను గది వేడికి మీ చేతుల మీద లేచిన పొక్కులు తగ్గాయో లేదో మీరు రాయలేదు. అమ్మ అడుగుతోంది, ఈసారి రాయండి.

ఇక మీరు అడిగినవి. స్నానాల గదిలో పైపు కారడం ఆగింది. మా నీళ్ళ పరీక్షల ల్యాబుకి కొత్త మైక్రోస్కోపు వచ్చింది గానీ, పెట్టె విప్పడానికి ఎవరి సంతకమో కావాలట. మన చర్చావేదికలో ప్రార్థనామందిరం పెద్దాయనతో జరిగిన వాదన నేనే గెలిచాను. ప్రార్థన రోగాన్ని నయం చేస్తుందా అన్నది విషయం. మీరు పెట్టిన నియమం తప్పలేదు. ముందు ఆయన వాదన ఆయనకే నా నోటితో అప్పజెప్పాను, ఆయన "అవును, అదే" అన్నాకే జవాబు మొదలుపెట్టాను. నయమైనవాళ్ళనే లెక్కపెట్టి, నయం కానివాళ్ళను వదిలేస్తే ఎలా అన్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. చివరి వరసలో కూర్చున్న అమ్మ చప్పట్ల మధ్యలోనే లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

క్రితం ఉత్తరంలో మీకు రాయనిది ఒకటుంది. మీరు ఓడెక్కిన దగ్గర్నుంచీ అమ్మ బీపీ మాత్రలు మానేసింది. డబ్బా ఎంతకీ ఖాళీ కాకపోతే నాకు అనుమానం వచ్చింది. మందు మానేస్తే రక్తనాళాలకు ఏమవుతుందో బొమ్మ గీసి మరీ చెప్పాను. అమ్మ కూరగాయలు తరుగుతూ అంతా విని, నువ్వు చెప్పింది నిజమే అంది. మాత్ర మాత్రం వేసుకోలేదు. నాకు ఒళ్ళు మండింది.

వాదన జరిగిన మర్నాడు పొద్దున వంటింట్లో అమ్మ చేతిలోంచి గ్లాసు జారిపోయింది. కుడిచెయ్యి కాసేపు మొద్దుబారి, తర్వాత సర్దుకుంది. కంగారుపడకండి. ఇది హెచ్చరిక, మళ్ళీ వస్తే ఇంతటితో పోదు అన్నారు డాక్టరు. ఇంటికొచ్చాక కూడా అమ్మ మాత్ర ముట్టలేదు.

అప్పుడు తట్టింది. ఊళ్ళో అందరి వాదనా అప్పజెప్పే మనం, మీరైనా నేనైనా, అమ్మ వాదన ఒక్కసారీ అప్పజెప్పలేదు. అమ్మ మంచం పక్కన కూర్చుని మొదలుపెట్టాను. దేవుడే నయం చేస్తాడు, మందెందుకు అని కదా నీ ఉద్దేశం అన్నాను. కాదంది. మందు వేసుకోవడం పాపమనా అన్నాను. నేనంత తెలివితక్కువదాన్నా అంది. వేదిక మీద నేను ఓడించిన వాదన అమ్మది కానే కాదు. నాకు ఇంకేమీ తోచడం లేదు, నువ్వే చెప్పు అన్నాను.

"మీ నాన్న ఓడెక్కిన రోజు మొక్కుకున్నానే. ఆయన క్షేమంగా తిరిగొచ్చేదాకా నా ఒంటి సంగతి నేను పట్టించుకోను, ఆయన్ని చూసుకో దేవుడా అని. ఇప్పుడు మాత్ర మింగాక ఆయనకేమన్నా అయితే?"

"అంటే నీ ప్రాణం అడ్డుపెట్టి నాన్నని కాపాడుతున్నావు."

"అవును, అదే."

నియమం ప్రకారం జవాబు నా వంతు. జవాబు ఉంది కూడా. ఓడలు ఎందుకు మునుగుతాయో, ఎందుకు మునగవో మీరే నేర్పారు. అమ్మ ముఖం చూశాక అది నోట రాలేదు. భయమేసింది. ఆ మొక్కు నా మీదకి మార్చవచ్చా అని అడిగాను. అమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"నీకు ప్రాణమైనది వదలాలి మరి. ఉత్తినే కుదరదు."

నాకేది ప్రాణమో ఇద్దరికీ తెలుసు. మీరు తిరిగొచ్చేదాకా వేదిక ఎక్కనని, ఏ భక్తుడితోనూ వాదించనని, అమ్మ పక్కన నిలబడి, నేను నమ్మని దేవుడికి పైకి చెప్పాను. అమ్మ అప్పటికప్పుడు మాత్ర మింగింది.

అమ్మ కోసం ఆడిన నాటకంలే అని మీరు సరిపెట్టుకుంటారు. నేనూ అలాగే సరిపెట్టుకున్నాను. కానీ మొన్న మీ దారిలో తుఫానని వార్త వచ్చింది. ఆ సాయంత్రమే వేదికవాళ్ళు మనిషిని పంపారు. సభ నిండిపోయింది, మాట్లాడేవాడు రాలేదు, నువ్వొస్తే చాలని. అమ్మ పిన్ని ఇంటికి వెళ్ళింది. నేను వాదించినా ఆమెకు తెలిసేది కాదు. చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళాను. తుఫానుకీ నా నోటికీ ఏ సంబంధమూ లేదని నాకు బాగా తెలుసు. చెప్పులు విప్పేసి లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను.

ఇది అందగానే క్షేమం అని ఒక్క మాట రాయండి నాన్నా. ఆధారాలు అక్కర్లేదు.

ఇట్లు,
మీరు వచ్చేదాకా నోరు మూసుకున్న
మీ అమ్మాయి