నాయన విప్పేసిన తువాలు

ఆళ్లగడ్డ, మంగళవారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. రాతిదుమ్ము మీద రీసెర్చ్ పేపరు చదివానని పొద్దున నాయనకు ఎంత గొప్పగా చెప్పాను! నిజానికి చదివింది మొదటి పేరా, చివరి పేరా. చాలా ఏళ్లుగా శిల్పాలు చెక్కేవాళ్లలో దగ్గు తక్కువని అందులో ఉంది. అది వినగానే నాయన, రాయి చెక్కేటప్పుడు ముక్కుకు కట్టుకునే తువాలు తీసి కొక్కేనికి తగిలించాడు.

"దీంతో ఊపిరాడక సస్తాండా. నువ్వే సదివి చెప్తివి గదా, ఇంగ ఇదెందుకు మా?" అని పనికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నంద్యాల కాలేజీలో ఆ పేపరు సంగతి చెబితే మేడం ఒక్కటే అడిగారు. "ఎవరిని పరీక్షించారో చూశావా?"

చూడలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మధ్య పేజీలు చదివాను. ఆ రోజు పనికి వచ్చినవాళ్లనే పరీక్షించారట. దగ్గుతో పని మానేసి ఇంట్లో కూర్చున్నవాళ్లను ఎవరూ అడగలేదు.

ఆ మాట చెబితే నాయన నవ్వాడు. "పొద్దున ఒకటి, మాపటికి ఇంగొకటి. ఏందిమా నీ సదువు?"

తువాలు మడిచి ఆయన ఉలుల సంచి మీద పెట్టాను. రేపు కట్టుకుంటాడో, తీసి పక్కన పడేస్తాడో...

పక్క గదిలో చిన్నాయన దగ్గుతున్నాడు. ఆయన కూడా నాయనతోపాటు చెక్కినవాడే. ఇప్పుడు ఉలి పట్టలేడు. ఈ దగ్గు ఆ పేపర్లో లేదు.