చివరి వరస మైనస్

మార్చి 3, సోమవారం

ఇవాళ ఆఫీసులో చప్పట్లు కొట్టాను. అందరికంటే ముందు ఆపింది కూడా నేనే.

బుల్లి తన మోడల్ చూపించింది. బుల్లి అంటే మా ఆయన చెల్లెలు. పిల్లకి లెక్కలు బాగా వచ్చు, తీసుకోండి అని ఏడాది కిందట హెడ్‌ని బతిమాలి మా ల్యాబ్‌లో పెట్టించింది నేనే. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది.

ఆరేళ్ళుగా నా బతుకంతా చుక్కలూ గీతలే. మేడ మీద పన్నెండు సోలార్ ప్యానెళ్ళు. ఏ వోల్టేజీ దగ్గర ఎంత కరెంటు వస్తోందో కొలిస్తే అవి చుక్కలు. ఇంత రావాలని కంప్యూటర్‌లో నా మోడల్ లెక్కగడితే అది గీత. గీత చుక్కల మీదుగా పోవాలి. నాది మోకాలి దగ్గర, అదే, కరెంటు ఉన్నట్టుండి కిందకి వంగే చోట, చుక్కల్ని వదిలేసి తన దారిన తను పోతుంది. చివరి వరస ప్యానెళ్ళకైతే మరీను. నాలుగు శాతం తప్పు. ఆరేళ్ళలో అరశాతం కూడా తగ్గించలేకపోయాను.

బుల్లి గీత ఒక్క చుక్కనీ వదల్లేదు. హెడ్ కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. నా గీత కోసం ఆయన ఎప్పుడూ కళ్ళజోడు తుడుచుకోలేదు.

మార్చి 4, ఉదయం 7

మా ఆయనకి అప్పుడే తెలిసిపోయింది. చెల్లెలు ఫోన్ చేసిందిట. వేలెడంత ఉన్నప్పుడే రేడియో విప్పి మళ్ళీ బిగించిందని మొదలుపెట్టాడు. అది విప్పిందే గాని బిగించలేదనీ, ఆ రేడియో మళ్ళీ పలకలేదనీ అత్తగారు నాతో ఎప్పుడో చెప్పారు. ఆ మాట నోటిదాకా వచ్చింది. టీతో పాటు మింగేశాను.

అంతా వదిన చలవే అని కూడా అందిట. అది విన్నాక ఇంకా మండింది.

మార్చి 6, గురువారం

హెడ్ మా ఇద్దర్నీ పిలిచారు. పద్నాలుగో తారీకు రివ్యూ. రెండు మోడల్స్‌లో ఒకటే ఉంటుంది. ఎవరిది ఉంటే వాళ్ళే లీడ్. రెండోది తీసేస్తారు. బుల్లి ఉద్యోగం పర్మనెంట్ అయ్యేదీ కానిదీ కూడా ఆ రోజే తేలుస్తారుట.

బయటికొచ్చాక నాకు భయంగా ఉంది వదినా అంది. కోడ్ రాయడం నేర్పింది నేను. గ్రాఫ్ గీయడం నేర్పింది నేను. ఏకు మేకై కూర్చుంది, పైగా దానికి భయమట.

మార్చి 7

ఇవాళ కొత్త చెప్పులేసుకొచ్చింది. నడక కూడా బాగుంది. ఛీ.

మార్చి 10, సోమవారం, సాయంత్రం 4

దొరికింది!

మోడల్ ఒకసారి చూసిపెట్టు వదినా, నువ్వు చూశావంటేనే నాకు ధైర్యం అని పొద్దున్నే ఫైల్ పంపింది. మూడు గంటలు కూర్చున్నాను. ఇంత శ్రద్ధగా నా కోడ్ కూడా నేనెప్పుడూ చదవలేదు.

ప్రతి ప్యానెల్ లోపలా కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. వచ్చిన దాంట్లో కాస్త అది తినేస్తుంది. ఎంత తింటుందో మోడలే వెతికి చెప్పాలి. బుల్లి మోడల్ చివరి వరస నాలుగు ప్యానెళ్ళకీ మైనస్ చెప్పింది. అంటే తినడం మానేసి ఎదురు పెడుతోందన్నమాట! అలాంటి ప్యానెల్ భూమ్మీద లేదు. నేనైతే సున్నాకి కిందకి పోకూడదని మొదటిరోజే కంచె వేశాను. బుల్లి వెయ్యలేదు. అందుకే గీత అంత అందంగా పోయింది.

లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను. అద్దంలో నవ్వుతూ కనిపించాను.

సాయంత్రం 6

చూశావా వదినా అని అడిగింది. చూశాను, బాగుంది అన్నాను.

మార్చి 11

అబద్ధమేం చెప్పలేదు. చూశాను. గీత బాగానే ఉంది. అది అడిగిందానికి జవాబు చెప్పాను, అంతే.

మార్చి 14, శుక్రవారం, సాయంత్రం 7

హెడ్‌కి రెండు నిమిషాలు పట్టలేదు. నాలుగో పేజీలో వేలు పెట్టి, ఈ మైనస్ ఏమిటని అడిగారు.

బుల్లి గబగబా కాగితాలు తిరగేసింది. కొలతలేమైనా తప్పేమో అని ఆయనే ఒక దారి చూపించారు, పాపం. కొలతలు తప్పయ్యే అవకాశమే లేదండీ, అవి వదిన సరిచూసినవి అంది. తప్పు నా మోడల్‌దే అయుంటుందని కూర్చుండిపోయింది. ముందే వదిన చూసిందని మాత్రం అనలేదు. అంటుందేమోనని అంతసేపూ పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

నా మోడల్ ఉంచారు. నేను లీడ్. బుల్లి సంగతి నెలాఖరుకి చూద్దామన్నారు. మా ఆఫీసులో చూద్దామంటే లేదనే.

బస్సులో నా పక్కనే కూర్చుంది. వదినా, నీకు రావాల్సిందే వచ్చింది అంది. కిటికీలోంచి చూస్తూ మూడు స్టాపులు ఏడ్చింది. నేను దాని బ్యాగు పట్టుకున్నాను.

మార్చి 17, సోమవారం

లీడ్‌నయ్యాక మొదటిసారి మేడ మీదకి వెళ్ళాను. కొలతలు తీసే మీటరు బాబాయి చివరి వరస దగ్గర కేబుల్ చుడుతున్నాడు. ఎంత పొడుగు కేబులో అన్నాను ఊరికే. దాంతో మనకేంటమ్మా, కేబుల్లో తగ్గిపోయే వోల్టేజీ మీటరే కలిపి చూపిస్తుందిగా, కొన్నప్పట్నుంచీ అంతే అన్నాడు.

మెట్లు ఎలా దిగానో తెలీదు. మీటరు కొలతల్ని చుక్కలుగా మార్చి మా ఇద్దరి మోడల్స్‌కీ అందించే ఫైల్, ఆరేళ్ళ కింద నేను రాసింది, తెరిచాను. అందులో ఒక లైన్. కేబుల్లో తగ్గిపోయే వోల్టేజీని కలపమని. మీటరు కలిపిందాన్నే నేను మళ్ళీ కలిపాను. కేబుల్ ఎంత పొడుగైతే అంత తప్పు. అన్నిటికంటే పొడుగు చివరి వరసది.

బుల్లి మోడల్ ఆ సంగతే చెప్పింది. ఇలాంటి ప్యానెల్ ఉండదు, మీ చుక్కలే తప్పు అని మైనస్ పెట్టి చెప్పింది. నా మోడల్ కంచె వెనక నక్కి ఆరేళ్ళు నోరు మూసుకుంది.

లైన్ తీసేసి రెండూ నడిపాను. మైనస్ పోయింది. నా గీతా చుక్కల మీదకొచ్చింది. దానిది ఇంకా ఒక వెంట్రుక మెరుగు.

పదో తారీకున ఇక్కడ మైనస్ వచ్చిందే అని ఒక్క మాట అనుంటే, ఇద్దరం కూర్చుని ఆ సాయంత్రానికే పట్టేసేవాళ్ళం.

మార్చి 18

ఆ లైన్ తీసేసి ఊరుకుంటే ఎవరికీ తెలీదు. నాలుగు శాతం ఒకటవుతుంది. మెచ్చుకుంటారు కూడా.

మార్చి 20, గురువారం

చెప్పేశాను. పొద్దున్నే, టీ కూడా తాగకుండా, హెడ్ గదిలో నిలబడి చెప్పేశాను. లైన్ చూపించాను. మొన్న బస్సులో ఆ మూడు స్టాపులూ లేకపోతే చెప్పేదాన్ని కాదేమో.

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆరేళ్ళ తప్పుని ఆ పిల్ల మోడల్ పది రోజుల్లో పట్టిందని మళ్ళీ కళ్ళజోడు తీశారు. మధ్యాహ్నానికల్లా అంతా మారిపోయింది. బుల్లి పర్మనెంట్. బుల్లి లీడ్. నా మోడల్ పాత ఫోల్డర్‌లోకి పోయింది. బుల్లి పరిగెత్తుకొచ్చి నన్ను కావలించుకుంది. నా కోసం లీడ్ వదులుకున్నావు, నీలాంటి వదిన ఎవరికుంటుంది అని అందరి ముందూ ఏడ్చింది.

మా ఆయన ఇంటికొచ్చి ఎగిరి గంతేయబోయాడు. నా మొహం చూసి ఆగి, చొక్కా విప్పుకునే వంకతో లోపలికి పోయాడు.

నిజం చెప్తే మనసు తేలికవుతుందని ఎవరన్నారో గాని, నాకేం అవలేదు. ఇంకా కుళ్ళుగానే ఉంది. పైగా మంచిదాన్ననే పేరు ఒకటి.

మార్చి 21, శుక్రవారం

ఆఫీసు మెట్లు దిగుతుంటే అడిగింది. ఆ రోజు నువ్వు చూసినప్పుడు మైనస్ కనబడలేదా వదినా అని.

కనబడింది అన్నాను.

మిగతా మెట్లు నాకంటే ముందు దిగి వెళ్ళిపోయింది.