ఏసీ అక్కర్లేని బడి విషయమై

గృహ పరిపాలనాధికారుల సముఖమునకు, ఆరోగ్యం బాగానే ఉండి ముఖం మాత్రం చెల్లని మీ చిన్నవాడు సమర్పించుకొను విన్నపము.

మా ఆఫీసు వారు ఏసీ అక్కర్లేని బడి కట్టించారు. పడమటి ఎండ తగలకుండా వెడల్పాటి సన్‌షేడ్లు గీసినది నేనే. గేటు కాగితం కింది వైపుకు రావాలని ప్లాను తలకిందులుగా తిప్పి గీసి, దిక్కుల గుర్తును తిప్పడం మరిచాను. దాంతో బడి మొత్తం వెనక్కి తిరిగింది. సన్‌షేడ్లన్నీ తూర్పున నిలిచాయి. పునాది నాడే మేస్త్రీ అడిగాడు: "సారూ, సూర్యుడు దిగేది ఇటు కదా?"

"ప్లాను చూసి మాట్లాడవయ్యా" అన్నాను.

ఇప్పుడు మధ్యాహ్నమైతే పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని పాఠం వింటున్నారు. మేస్త్రీ ప్లాను తప్పుగా చదివాడని ఆఫీసులో తేల్చి, అతన్ని పనిలోంచి తీసేశారు. మూడు రోజులుగా నేను నోరు విప్పలేదు. ఈ కార్డు పోస్టు డబ్బాలో వేసి, నేరుగా ఆఫీసుకు వెళ్లి తప్పు నాదని రాసిస్తాను. ఉద్యోగం ఉండకపోవచ్చు, కంగారుపడకండి.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కిటికీ రెక్క బిగించారా? అక్కకూ బావకూ నమస్కారాలు.

డిమాండు నం. 1: తాపీ పట్టి నన్ను చదివించిన అన్నయ్యకు ఈ కార్డు పూర్తిగా చదివి వినిపించవలెను. ఆయన తిట్టిన తిట్లను, అమ్మ మెత్తబరచకుండా, ఉన్నవి ఉన్నట్లు రాసి పంపవలెను.